జీతానికి బదులు గాజు గ్లాసులు!

నెలాఖరుకి మీ వారు జీతం బదులు రెండు పెట్టెల గాజు గ్లాసులు తెచ్చి చేతిలో పెడితే ఏం చేస్తారు? పాలవాడికి గ్లాసులే ఇస్తారా? రష్యాలో గూస్ ఖ్రుస్తాల్నీ అనే ఊళ్లో 1990లలో ఇదే జరిగింది. ఫ్యాక్టరీ దగ్గర డబ్బు లేదు, సరుకు ఉంది. ఆ గ్లాసులే రోడ్డు పక్కన, రైల్వే స్టేషన్లో పెట్టుకుని అమ్ముకున్నారు.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన సంగతి అందరికీ తెలుసు. మిగిలిన రష్యా కూడా లోలోపల ముక్కలైన సంగతి అంతగా చెప్పుకోరు. 1992 జనవరి 2న ప్రభుత్వం ధరల మీద అదుపు వదిలేసింది. ఏడాది తిరిగేసరికి ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము కరిగిపోయింది. ఇక ఎవరి గోల వారిది! స్వెర్‌ద్లోవ్‌స్క్ ప్రాంతం 1993లో తనను తాను ఉరల్ రిపబ్లిక్‌గా ప్రకటించుకుంది. నెలలు గడవకుండానే యెల్త్సిన్ దాన్ని రద్దు చేశారు. 1998లో రూబుల్ కుప్పకూలినప్పుడు కొందరు గవర్నర్లు తమ తిండి సరుకులు పొలిమేర దాటకూడదని ఆంక్షలు పెట్టారు. అంతా ఒకే దేశం సుమా!

అన్నిటికన్నా దెబ్బతిన్నవి ఈశాన్యపు మంచు ఊళ్లు. సోవియట్ రోజుల్లో అక్కడ పని చేసేవారికి జీతం ఎక్కువ, విమాన టిక్కెట్టు చవక. బియ్యం నుంచి మందుల దాకా ఎంత దూరం నుంచైనా సర్కారు ఖర్చుతోనే వచ్చేవి. ఆ చెయ్యి వెనక్కి తీసుకునేసరికి జనం మూటాముల్లె సర్దుకున్నారు. చుకోత్కాలో 1989లో 1,64,000 మంది ఉంటే, 2002 నాటికి మిగిలింది 54 వేలు! మగదాన్ ప్రాంతంలో 3,92,000 కాస్తా 1,83,000 అయింది. అక్కడే కదిక్‌చాన్ అనే బొగ్గు గని ఊళ్లో 1996లో పేలుడు జరిగి ఆరుగురు పోయారు. గని మూతపడింది, ఊరూ ఖాళీ అయింది.

మరి ఇళ్లు ఎలా గడిచాయి? ఊరి బయట ఉండే తోట చెక్కతో. దాన్ని దాచా అంటారు. మామూలుగా 600 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 15 సెంట్లు. 1990ల చివర్లో దేశంలో పండిన బంగాళాదుంపల్లో నూటికి తొంభై పాళ్లు ఇలాంటి పెరళ్లలోవే. క్యాబేజీ తరిగి ఉప్పు వేసి పులియబెట్టడం, దోసకాయల్ని వెల్లుల్లి, సోయికూరతో ఉప్పునీళ్లలో ఊరబెట్టడం... చూడబోతే మన ఆవకాయ రోజులే. కాకపోతే మన జాడీ నంజుకోవడానికి, వాళ్ల సీసాలు శీతాకాలం గట్టెక్కడానికి.

కొందరు పెద్ద పెద్ద సంచులు భుజాన వేసుకుని టర్కీ, చైనా వెళ్లి బట్టలు తెచ్చి అమ్మారు. వీళ్లకి "చెల్నోకి" అని పేరు. చెల్నోక్ అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె. వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. టీచర్లూ ఉన్నారు, ఇంజనీర్లూ ఉన్నారు.

ఇంత బరువు మోస్తూ పిల్లల్ని కనమంటే ఎవరు కంటారు చెప్పండి? 1987లో దేశంలో 25 లక్షల మంది పుట్టారు. 1999లో 12 లక్షలే. 1994 నాటికి మగవాళ్ల సగటు ఆయుర్దాయం 58 ఏళ్లకి పడిపోయింది, తాగుడు ఒక ముఖ్య కారణం. ఆడవాళ్లది 71. మధ్యలో ఆ పదమూడేళ్లూ ఎవరు ఒంటరిగా లాక్కొచ్చారో వేరే చెప్పాలా?

2007 నుంచి రెండో బిడ్డను కంటే ప్రభుత్వం పెద్ద మొత్తమే ఇస్తోంది. 2020లో మొదటి బిడ్డకూ వర్తింపజేశారు. కొన్నాళ్లు కాన్పులు పెరిగాయి, మళ్లీ తగ్గాయి. 2022 నుంచి యుద్ధం, వలసలు తోడయ్యాయి. 2024లో పుట్టినవాళ్లు మళ్లీ 12 లక్షల చిల్లరే. డబ్బు ఇచ్చినా కనడానికి అంతమంది తల్లులు ఉండొద్దూ? 1990లలో ఆడపిల్లలే తక్కువగా పుట్టారు.