ఎండ – మన చర్మం – సన్‌స్క్రీన్

సూర్యుడు లేనిదే జీవకోటి లేదు. పైరు పండడానికి, మన శరీరంలో డి విటమిన్ తయారు కావడానికి ఎండ కావలెను. కాని మితిమీరిన ఎండ చర్మానికి చేటు. ఆ చేటును తగ్గించడానికి నేడు మందుల దుకాణాలలో సన్‌స్క్రీన్ అనే పేరుతో అనేక లేపనాలు లభిస్తున్నవి. కొనేవారిలో కొందరు ఇవి మేనిఛాయను తెలుపు చేసే సాధనాలని భ్రమపడుతున్నారు. మరికొందరు ఇవి మనవంటి వారికి అక్కరలేని విలాసవస్తువులని కొట్టివేస్తున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావు.

మన బాలానగర్‌నే తీసుకొందాం. 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలుకొని వీధుల వెంట ఉన్న లేతు, వెల్డింగు షెడ్ల వరకు ఇది చేతిపని వారి ఊరు. ఇక్కడి నుండి ప్రతి ఉదయం ఎందరో ద్విచక్ర వాహనాల మీద హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు పోతున్నారు. కార్ఖానా ముంగిట పనిచేసేవాడు, కూడలిలో వాహనంపై నిలిచినవాడు, అద్దాల మేడలో కూర్చున్నవాడు ముగ్గురూ ఏదో ఒక విధంగా సూర్యకిరణాలకు లోనవుతున్నవారే. అయితే ముగ్గురికీ కావలసిన రక్షణ ఒకే తీరుది కాదు.

కంటికి కనబడని కిరణాలు

సూర్యకాంతిలో కంటికి కనబడని కిరణాలు కొన్ని కలవు. వీటిలో అతినీలలోహిత కిరణాలను జర్మనీ దేశస్థుడైన రిట్టర్ 1801లో కనుగొన్నాడు. వీటిని ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించినారు. సి కిరణాలను భూమిపైనున్న ఓజోను పొర ఆపివేస్తున్నది. బి కిరణాలు చర్మం పైపొరను కమలజేస్తవి. ఎ కిరణాలు మరింత లోతుకు చొచ్చుకొనిపోయి చర్మాన్ని నల్లబరచి, కాలక్రమాన ముడుతలు పడేటట్లు చేస్తవి. మామూలు కిటికీ అద్దం బి కిరణాలను చాలవరకు ఆపుతుంది గాని, ఎ కిరణాలను లోనికి రానిస్తుంది. కిటికీ పక్కన రోజంతా కూర్చొని పనిచేసేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతవని మన పెద్దల మాట. వేడికి ఆ మాట సరిగా వర్తిస్తుంది. అతినీలలోహిత కిరణాలకు మాత్రం వేడి కొలబద్ద కాదు. హైదరాబాదు పదునేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశ ప్రాంతంలో ఉన్నందున సూర్యుడు ఏడాదికి రెండు పర్యాయాలు, మే 9 ప్రాంతాన, ఆగస్టు 3 ప్రాంతాన, సరిగా మన నడినెత్తిపైకి వస్తాడు. ఆ రోజులలో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలిపిన కర్రకు నీడ కనబడదు. ఆగస్టులో మబ్బులు కమ్మి చల్లగా ఉన్నదని మనం ఏమరుపాటుగా ఉంటాము. కాని పలుచని మబ్బుల గుండా కిరణాలు వస్తూనే ఉంటవి. దీనికొక సులభమైన గుర్తు కలదు: మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉన్నంతసేపు కిరణాలు తీవ్రంగా ఉన్నవని తెలుసుకొనవలెను.

మన చర్మ స్వభావం

ఎండకు చర్మం ఏ విధంగా స్పందిస్తుందో చూచి అమెరికా వైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో చర్మాలను వర్గీకరించినాడు. నేడు వాడుకలో ఉన్న ఆరు తరగతులలో మనవారిలో అధికులు నాలుగు, ఐదు తరగతులకు చెందుతారు. మన చర్మంలోని మెలనిన్ అనే వర్ణద్రవ్యం కొంతవరకు సహజమైన గొడుగువలె పనిచేస్తుంది. అందువల్ల తెల్లజాతులవారికంటె మనకు ఎండవల్ల కలిగే చర్మపు క్యాన్సరు తక్కువ. అయితే అదే మెలనిన్ ఎండ తగిలినప్పుడు అధికంగా ఉత్పత్తియై బుగ్గలమీద, నుదుటిమీద మంగు మచ్చలుగా నిలుస్తుంది. మొటిమలు మానినచోట నలుపు మిగులుతుంది. బొల్లి మచ్చలున్నచోట మెలనిన్ లేదు గనుక ఆ భాగం త్వరగా కమలుతుంది. ఈ మూడు బాధలున్నవారికి సన్‌స్క్రీన్ చికిత్సలో ఒక భాగమే.

ఎన్నుకొనే పద్ధతి

డబ్బా మీద మొదట చూడవలసినది ఎస్.పి.ఎఫ్. అనే సంఖ్య. ఇది బి కిరణాల నుండి లభించే రక్షణను తెలుపుతుంది. 15 సంఖ్య గల లేపనం ఆ కిరణాలలో నూటికి 93 వంతులను, 30 గలది 97 వంతులను, 50 గలది 98 వంతులను ఆపగలదు. 30కి, 50కి మధ్య భేదం స్వల్పమే గనుక సంఖ్య పెద్దదని అధిక ధర పెట్టనక్కరలేదు. నిత్యజీవితానికి 30 చాలును. రోజంతా ఎండలో పనిచేసేవారు, మంగు ఉన్నవారు 50 గలది తీసుకొనవచ్చును. రెండవది పి.ఎ. అనే గుర్తు. జపానులో 1996లో మొదలైన ఈ పద్ధతిలో ఎ కిరణాల నుండి రక్షణను కూడిక గుర్తులతో చూపుతారు. మూడు లేక నాలుగు గుర్తులున్నది మేలు. గడువు తేదీ చూడడం మరువరాదు.

జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవారికి నీటివలె పలుచని జెల్ రకం, పొడి చర్మం గలవారికి క్రీము రకం తగినవి. త్వరగా మండే చర్మానికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి సరిపడతవి. అవి చామనఛాయ ముఖం మీద తెల్లని పూతవలె కనబడడం సహజం. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగు లేపనం మంచిది. ఎందుకనగా మన చర్మాన్ని నల్లబరచడంలో కంటికి కనబడే వెలుగుకు కూడ పాత్ర కలదు, దానిని ఐరన్ ఆక్సైడ్ అడ్డుకొంటుంది. ఏ లేపనమైనను మొదట ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి చూచుకొనవలెను.

వాడే పద్ధతి

ప్రయోగశాలలో ఎస్.పి.ఎఫ్. కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మనం సాధారణంగా అందులో సగమైనా రాయము. కావున డబ్బా మీద వ్రాసిన రక్షణ మనకు లభించదు. చూపుడువేలు, నడిమివేలు నిడివిన రెండు గీతలంత లేపనం ముఖానికి, మెడకు కావలెను. ఈ లెక్కన 50 గ్రాముల ట్యూబు దినానికొకసారి వాడినా సుమారు ఆరు వారాలకు మించి రాదు. ఆరు నెలలు వచ్చినదంటే పొదుపు జరగలేదు, రక్షణ జరగలేదని అర్థం. బయలుదేరడానికి పావుగంట ముందు రాసుకొని, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి, చెమట తుడుచుకొన్న తరువాత, ముఖం కడుగుకొన్న తరువాత మరల రాసుకొనవలెను. చెవులు, మెడ వెనుక భాగం, చేతుల పైభాగం మరువరాదు. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు లేపనం వద్దు, నీడ చాలును.

జాగ్రత్తలు

బాలానగర్ పేరు చెప్పగానే 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ కర్మాగారం పెద్దలకు జ్ఞాపకం వస్తుంది. మందుల ఊరివారమైన మనం ఒక విషయం తెలిసియుండవలెను. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ మాత్రలు, కొన్ని సల్ఫా మందులు చర్మం ఎండకు త్వరగా కమిలేటట్లు చేస్తవి. అవి వాడే రోజులలో రక్షణ రెట్టింపు కావలెను.

వెల్డింగు మెరుపులో అతినీలలోహిత కిరణాలు అతి తీవ్రంగా ఉంటవి. దానికి లేపనం రక్ష కాదు. ముఖానికి కవచం, చేతులకు తోలు తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. తెల్లబడతారని చెప్పి చేతికిచ్చే కొన్ని క్రీములలో స్టీరాయిడ్ మందులు కలిసి ఉంటవి. మొదట ముఖం నిగనిగలాడుతుంది. కొన్ని నెలలకు చర్మం పలుచబడి, ఎర్రబారి, ఎండలో నిలువలేని స్థితి వస్తుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టీరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. పెండ్లిచూపుల భయంతోనో, తోటివారి హేళనతోనో ఈ క్రీముల పాలైన యువతులు, యువకులు వెంటనే చర్మవైద్యుని దర్శించవలెను. తమంతట తాము హఠాత్తుగా మానివేసినా చర్మం మరింత రేగవచ్చును.

సన్‌స్క్రీన్ కొనే స్తోమత లేనివారు చింతించనక్కరలేదు. దట్టమైన నేతగల నిండు చేతుల వస్త్రం, గొడుగు, తలకు దస్తీ లేక చున్నీ, మధ్యాహ్నవేళ నీడ, ఇవి మొదటి రక్షణలు. ఇవి కప్పని భాగానికే లేపనం. మన చామనఛాయను కాపాడుకొనడానికే ఈ ప్రయత్నమంతా గాని, దానిని పోగొట్టుకొనడానికి కాదని విద్యార్థినీ విద్యార్థులు గ్రహింతురు గాక.