ఒంటరిగా టిల్లరును ట్రైలరు కెక్కించుట

కూలివాడు దొరకని దినమున పవర్ టిల్లరును ట్రైలరు చెంత నిలిపి దిక్కులు చూచుట మన రైతులకు క్రొత్తగాదు. పెద్ద టిల్లరు సుమారు 400 కిలోలుండును. కావున బలమును గాక వాలును నమ్ముకొనవలయును. మూడడుగుల ఎత్తునకు ఆరడుగుల పలకలు వేసినచో బరువులో సగము బలము కావలయును. తొమ్మిదడుగులవైనచో, రాపిడి నటుంచి, మూడవవంతు చాలును. ట్రైలరు చక్రములను పల్లమునకు దింపి పలకలను గట్టున ఆనించిన ఎత్తింకను తగ్గును.

ట్రైలరును ట్రాక్టరునుండి విప్పరాదు. విప్పిన తోక క్రుంగి ముక్కు లేచును. పలకల కొనలను ట్రైలరునకు గొలుసుతో బిగింపవలయును. మేమొకమారు ఈ పని మరచితిమి. చక్రమెక్కగనే పలక వెనుకకు తన్నెను. మోకాటి దెబ్బతో పదునైదు దినములు మంచము పట్టితిమి. ఆ యేటి నాట్లు వెనుకబడినవి.

ఇంకొకటి పలువురెరుగరు. వాలున ముందుకు దిగునపుడు మలుపు క్లచ్చి తలక్రిందుగా పనిచేయును: ఎడమది నొక్కిన బండి కుడికి తిరుగును. కావున టిల్లరును నేలమీదనే తిన్నగా నిలుపుకొని, పలకలపై ఆ క్లచ్చిని తాకక, గేరు మార్చక, మిక్కిలి తక్కువ గేరున నడుపవలయును. దున్ను కత్తులు తిరుగుచుండరాదు.

ఇంజను నాపి, ట్రైలరు ముందుభాగమునకు కట్టిన చైన్ పుల్లీతో లాగుట అంతకన్న మేలు. లాగువాడు ప్రక్కన నిలువవచ్చును. ఆలస్యమగును గాని మోకాళ్లు మిగులును. సంఘము పక్షమున ఒకటి కొని యుంచిన సభ్యులందరికి ఉపకరించును.