బూడిద చెప్పిన మంచుయుగం కథ

74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో ఓ అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద మన రాయలసీమ దాకా వచ్చి పడింది. బంగాళాఖాతం అడుగున పొరగా పేరుకుంది. ఆ పేలుడు వల్లే భూమి మంచుయుగంలోకి జారిపోయిందా? మనిషి జాతి అంతరించే దాకా వెళ్లిందా? ఏళ్లతరబడి నలిగిన ఈ ప్రశ్నలకు జవాబు కడలి అడుగున బురదలో ఉంది!

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా అది కర్నూలు జిల్లాలోది. ఆ ఊరి పక్కన జుర్రేరు లోయలో నేలను తవ్వితే మట్టిపొరల మధ్య తెల్లటి పొర ఒకటి బయటపడుతుంది. వేళ్లతో నలిపితే పిండిలా రాలుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండున్నర మీటర్లు. అంటే నిలువెత్తు మనిషి మునిగిపోయేంత! దాని విలువ తెలియని రోజుల్లో శుభ్రంచేసే పొడుల తయారీకి ముడిసరుకుగా తవ్వి తరలించారు కూడా. పురావస్తు పరిశోధకులు వచ్చి అదేమిటో చెప్పేసరికి చాలాచోట్ల గోతులే మిగిలాయి.

అది అగ్నిపర్వతం బూడిద. దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలోని టోబా నుంచి గాల్లో ఎగిరొచ్చింది. ఊరి పేరులోనే జ్వాల ఉండటం కాకతాళీయమే కావచ్చు!

ఇప్పుడు టోబాకు వెళ్తే పర్వతం కనిపించదు. వంద కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పున్న చక్కటి సరస్సు కనిపిస్తుంది. కొండ పేలి, నేల కుంగిపోయి ఏర్పడిన గొయ్యి అది. అప్పట్లో వెలువడిన శిలాద్రవం 2,800 ఘన కిలోమీటర్లు ఉంటుందని ఓ అంచనా. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు బయటికొచ్చింది ఐదు ఘన కిలోమీటర్లే. ఆ మాత్రానికే ఏడాదిపాటు భూగోళం సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది. ఎగిసిన గంధకం వాయువు పైపైన సన్నటి తుంపరగా మారి ఎండకు అడ్డుపడటమే అందుకు కారణం. మరి దానికి వందల రెట్లున్న టోబా ఏం చేసి ఉండాలి?

ఆ లెక్కతోనే 1992లో మైకేల్ రాంపినో, స్టీఫెన్ సెల్ఫ్ అనే శాస్త్రవేత్తలు టోబా పేలుడు మంచుయుగాన్ని వేగిరం చేసి ఉంటుందని ప్రతిపాదించారు. 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ మరో అడుగు ముందుకేశారు. ఆ చలికి మనుషుల్లో చాలామంది చనిపోయి, కొద్దివేల మందే మిగిలి ఉంటారన్నారు. ఒక్క పేలుడు, అంతులేని చలి, చావుతప్పిన కొద్దిమంది... అచ్చం సినిమా కథ. ఆ సిద్ధాంతానికి అంత ప్రచారం రావడంలో ఆ కథ పాత్ర కూడా తక్కువేం కాదు.

ఉప్పెన వచ్చిన ఏడాది...

కృష్ణా జిల్లా పల్లెల్లో పెద్దవాళ్లను వయసు అడిగితే 'దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పెళ్లీడు' అని చెప్పడం మామూలే. తారీఖు గుర్తుండదు. కానీ ఉప్పెనకు ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. సముద్రం అడుగున బూడిద పొర చేసేది సరిగ్గా ఆ పనే.

నడిసంద్రంలో మట్టి చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. కొన్నిచోట్ల వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్లే. ఓడ మీంచి బరువైన గొట్టాన్ని వదిలి బురదలోకి దింపుతారు. పైకి లాగితే లోపల మట్టికడ్డీ వస్తుంది. పైభాగం నిన్నటిది, కిందికి వెళ్లేకొద్దీ వేల ఏళ్ల నాటిది. అయితే ఏ పొర ఎన్నేళ్ల నాటిదో చెప్పడమే కష్టం. రేడియోకార్బన్ పద్ధతి 50 వేల ఏళ్ల దాకానే పనికొస్తుంది. అంతకుముందువాటికి వేసే లెక్కల్లో వెయ్యి, రెండువేల ఏళ్లు అటూఇటూ అవడం సాధారణం. అలాంటప్పుడు అరేబియా సముద్రంలో చల్లబడిన కాలం, ఆఫ్రికాలో చల్లబడిన కాలం ఒకటేనని ఎలా నమ్మడం?

బూడిద ఆ చిక్కు విప్పుతుంది. టోబా బూడిద బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ దక్షిణ చైనా సముద్రంలోనూ పడింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు మధ్య హిందూమహాసముద్రం అడుగునా దాన్ని గుర్తించారు. ఇన్నిచోట్లా అది పడింది మహా అయితే కొన్ని వారాల తేడాలో. వేల ఏళ్ల లెక్కలో అది ఒకే క్షణం కింద జమ.

ఇంతకీ అది టోబాదేనని ఎలా తెలుస్తుంది? సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ బూడిద గాజుపెంకుల గుట్టలా ఉంటుంది. శిలాద్రవం గాల్లో హఠాత్తుగా చల్లారి గాజుగా మారిన రేణువులివి. ఒక్కో రేణువు మీదికి ఎలక్ట్రాన్ల పుంజాన్ని పంపి సిలికా ఎంత, పొటాషియం ఎంత, ఇనుము ఎంత అని కొలుస్తారు. ఏ అగ్నిపర్వతం పాళ్లు దానివే. వేలిముద్ర లాగన్నమాట. టోబా గాజులో సిలికా 77 శాతం దాకా ఉంటుంది. అయితే ఈ వేలిముద్రలతోనూ తంటా లేకపోలేదు. టోబా అంతకుముందు సుమారు 8 లక్షల ఏళ్ల కిందట, మళ్లీ 5 లక్షల ఏళ్ల కిందట కూడా భారీగా పేలింది. అన్నదమ్ముల పోలికల్లా ఆ బూడిదలూ కలుస్తాయి. పుణె దగ్గర బోరిలో దొరికిన బూడిద పెద్దన్నదా, చిన్న తమ్ముడిదా అని ఏళ్లపాటు వాదులాడుకున్నారు.

ఏది ముందు... ఏది వెనక?

సముద్రపు మట్టిలో బూడిదతోపాటు ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వలుంటాయి. ఇసుకరేణువంత ఉండే ఈ గవ్వల్లోనే మంచుయుగాల జాతకం ఉంది. ఆక్సిజన్‌లో తేలికది, బరువైనది అని రకాలున్నాయి. సముద్రం నీళ్లు ఆవిరైనప్పుడు తేలిక రకం ఎక్కువగా పైకి పోతుంది. మామూలుగా ఆ నీరు వానై, నదులై తిరిగి సముద్రంలోకి చేరుతుంది. మంచుయుగంలో మాత్రం ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టి అక్కడే ఉండిపోతుంది. దాంతో సముద్రంలో బరువైన రకం పాళ్లు పెరుగుతాయి. ఆ నీళ్లలో బతికే జీవుల గవ్వల్లోనూ పెరుగుతాయి. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచు గరిష్ఠంగా పేరుకున్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు దిగువన ఉండేది.

అంటే, ఒకే మట్టికడ్డీలో పేలుడు గుర్తూ ఉంది, చలి గుర్తూ ఉంది. ఇక తారీఖులతో పనిలేదు. బూడిద ముందుందా, చలి ముందుందా అని చూస్తే చాలు!

అందుకు అనువైన చోటు అరేబియా సముద్రం ఈశాన్య భాగం. మామూలుగా సముద్రం అడుగున పురుగులు మట్టిని కలియతిప్పేస్తుంటాయి. పై పది సెంటీమీటర్లూ కలగాపులగం చేస్తాయి. పాకిస్థాన్ తీరానికి ఎదురుగా కొంత లోతులో ఆక్సిజన్ చాలా తక్కువ. పురుగులు బతకలేవు. అందుకే అక్కడి మట్టి పుస్తకంలో కాగితాల్లా పొరలుపొరలుగా చెక్కుచెదరకుండా ఉంది. హార్ట్‌మట్ షుల్జ్ బృందం ఆ ప్రాంతపు మట్టికడ్డీల్లో టోబా గాజును పట్టుకుని 2002లో ఫలితాలు వెల్లడించింది. రెండు వెచ్చటి దశల నడుమ బూడిద పడింది. మొదటి వెచ్చటి దశ ముగింపుకొచ్చి చల్లబడటం అప్పటికే మొదలైంది. కొన్ని శతాబ్దాలు చలి సాగింది. తర్వాత మళ్లీ వెచ్చబడింది.

ఇలాంటి ఎగుడుదిగుళ్లు ఆ మంచుయుగంలో పాతిక దాకా ఉన్నాయి. మిగతావేవీ టోబా పేలితే వచ్చినవి కావు. ఇదొక్కటి మాత్రం టోబా వల్లే వచ్చిందనడం ఎలా?

ఆఫ్రికా నుంచి మరో దెబ్బ తగిలింది. టోబాకు ఏడువేల కిలోమీటర్ల అవతల మలావీ సరస్సు అడుగు మట్టిలో కంటికి కనిపించనంత సన్నటి టోబా గాజు దొరికింది. క్రిస్టీన్ లేన్ బృందం 2013లో దాన్ని ప్రకటించింది. ఆ పొరకు పైనా కిందా చూస్తే సరస్సు చెప్పుకోదగ్గంత చల్లబడిన దాఖలా లేదు. 2018లో దక్షిణాఫ్రికాలోని పినాకిల్ పాయింట్‌లోనూ ఆ గాజు దొరికింది. పేలుడు తర్వాత కూడా అక్కడ మనుషులు నిక్షేపంగా ఉన్నారు. జ్వాలాపురం సంగతీ అంతే. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించినదాని ప్రకారం బూడిదకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకేలాంటివి. ఒకటైతే నిజం... నేలమీద బూడిదను వాననీరు ఈడ్చుకొచ్చి పల్లంలో గుట్టపోస్తుంది. జ్వాలాపురంలో అంత మందం అలా వచ్చిందే. అందుకే ఆ ఫలితాలను శంకించినవారూ ఉన్నారు. నీటి కింద కుదురుగా పడిన పొరకు ఉన్న విలువ అక్కడే తెలుస్తుంది.

అలాగని టోబా ఏమీ చేయలేదనీ కాదు. మార్టిన్ విలియమ్స్ బృందం 2009లో బంగాళాఖాతం మట్టికడ్డీలోని పుప్పొడిని పరిశీలించింది. బూడిద పొర దాటాక చెట్ల ఆనవాళ్లు తగ్గి, గడ్డిమైదానాల ఆనవాళ్లు పెరిగాయి. అంటే పేలుడు ప్రభావం మన ఉపఖండం మీద గట్టిగానే పడి ఉండొచ్చు. భూమంతా ఒకేలా గడ్డకట్టిపోయిందన్న కథకే సాక్ష్యం చాలడం లేదు.

గడియారం తప్పితే...

బూడిద మరో పనికీ వస్తుంది. ఐస్‌లాండ్‌లోని కాట్లా అగ్నిపర్వతం సుమారు 12,100 ఏళ్ల కిందట పేలింది. మంచుయుగం ముగుస్తూ ముగుస్తూ ఒక్కసారిగా మళ్లీ చలి ముంచుకొచ్చిన రోజులవి. ఆ బూడిద నార్వే సరస్సుల్లో, ఉత్తర అట్లాంటిక్ అడుగున, గ్రీన్‌లాండ్ మంచులో దొరికింది. నార్వేలోని ఓ ఊరి పేరు మీద దాన్ని 'వెడ్డె' అంటారు. ఒకేసారి పడిన బూడిదే కదా, సరస్సు పక్కన మొక్కకూ సముద్రంలో గవ్వకూ రేడియోకార్బన్ వయసు ఒకటే రావాలి. రాలేదు! గవ్వ ఏడెనిమిది వందల ఏళ్లు పెద్దదిగా తేలింది. పాత కార్బన్ కలిసిన లోతునీళ్ల వల్ల ఇప్పుడూ తేడా ఉంటుంది గానీ అది నాలుగువందల ఏళ్లే. అంటే ఆ చలికాలంలో అట్లాంటిక్ ప్రవాహాలు ఇప్పటిలా లేవన్నమాట. ఒక పిడికెడు బూడిద గడియారం తప్పునూ పట్టించింది, తప్పుకు కారణాన్నీ చెప్పింది. అయితే అక్కడ ఓ జాగ్రత్త తప్పదు. కొంత బూడిద తేలే మంచుగడ్డల మీద పడి, అవి కరిగాక ఎక్కడో మునుగుతుంది. మంచు మోసుకొచ్చిందేదో, గాలి మోసుకొచ్చిందేదో ముందు తేల్చుకోవాలి.

వెడ్డె బూడిద గ్రీన్‌లాండ్ మంచులో దొరికింది. మరి టోబాది? 2013లో ఆండర్స్ స్వెన్సన్ బృందం గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచుకడ్డీల్లో ఒకే కాలానికి చెందిన గంధకం ఆమ్లం జాడలను గుర్తించింది. రెండు ధ్రువాల్లోనూ ఒకేసారి పడాలంటే భూమధ్యరేఖ దగ్గరి భారీ పేలుడే కావాలి. 2021లో వెలువడిన గంధకం ఐసోటోపుల పరిశీలనా ఆ జాడలున్న కొన్ని పొరలవైపే వేలు చూపింది. కానీ 2013 నాటి పరిశోధనలో గాజు రేణువు మాత్రం చిక్కలేదు. వేలిముద్ర ఉండేది గాజులోనే. వెంట్రుకలో పదోవంతు ఉండే రేణువు ఒక్కటి దొరికితే చాలు... బంగాళాఖాతం బురదలోని పొరనూ ధ్రువాల మంచులోని పొరనూ ఒకే గీతతో కలిపేయొచ్చు.