75 వివరాలు తీసుకున్నారు.. ఎన్నేళ్లు దాస్తారు?

75. 2024 నవంబర్‌లో మొదలైన సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వేలో సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ సహా తెలంగాణ అంతటా ఇంటింటికీ పట్టుకెళ్లిన ఫారంలోని వివరాల సంఖ్య ఇది. కులం, చదువు, భూమి, ఫోన్ నంబరు సరే. గత ఐదేళ్లలో ఎంత అప్పు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి దగ్గర తెచ్చారు అనీ అడిగారు. సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోని సంగతి అది. సర్వేకు వచ్చిన బడి పంతులు అడిగాడు కాబట్టి, నమ్మి చెప్పారు.

అలా 1,12,15,134 కుటుంబాల్లోని 3,54,77,554 మంది వివరాలు చేరాయని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించింది. బీసీల వాటా తేలాలంటే ఇంటింటి లెక్క కావాల్సిందే. అందులో నాకు అనుమానం లేదు. నా బాధంతా ఆ వివరాలను తర్వాత ఏం చేస్తారన్న దాని గురించే.

2014 ఆగస్టు 19న ఒక్కరోజులో మొదటి కుటుంబ సర్వే చేసినప్పుడు దౌల్తాబాద్ మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడి, దౌల్తాబాద్ అందులోకి వచ్చింది. జిల్లా మారింది, ప్రభుత్వం మారింది. ఆనాటి ఇంటి వివరాలకు ఇప్పుడు పూచీ ఎవరిది? నిర్లక్ష్యం ఎలా ఉంటుందో 2024 జనవరిలోనే చూశాం. పథకాల కోసం జనం పెట్టుకున్న ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

చట్టం కాపాడుతుందా? జనగణనకైతే 1948 చట్టం 15వ సెక్షన్ ఉంది, వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపకూడదు. కుటుంబ సర్వే జనగణన కాదు, ఆ రక్షణ దీనికి వర్తించదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పని తీరాక డేటాను చెరిపేయాలని అందులోని 8(7) సెక్షన్ చెబుతుంది. అదే చట్టం 17(4) సెక్షన్ మాత్రం ప్రభుత్వాలకు ఆ బాధ్యత లేదంటుంది! కిరాణా యాప్‌కు ఉన్న కట్టడి, మన అప్పుల చిట్టా పెట్టుకున్న సర్కారుకు లేదు. ఇది అన్యాయం.

చట్టం అడగకపోయినా ప్రభుత్వం తనంతట తానే గడువు ప్రకటించవచ్చు. ఫారాలు ఎవరి కస్టడీలో ఉన్నాయి, పేర్లూ ఫోన్ నంబర్లూ ఎప్పుడు తీసేస్తారు, ఏ సంవత్సరం దాకా ఉంచుతారు? ఈ మూడూ రాతపూర్వకంగా చెప్పాలి. మీ ఊరి గ్రామసభలో ఈ ప్రశ్నలు అడగండి, జవాబును తీర్మానంలో రాయించండి.