పంటు దాటితే పరదేశం

1954 దాకా కోనసీమ వాళ్ళకి విదేశీయానానికి పడవ కేవు ఉంటే చాలు. ఎదుర్లంక రేవులో ఎక్కి గౌతమి అవతల దిగితే యానాం. అప్పట్లో యానాం అంటే ఫ్రాన్సు. జెండా వేరు, చట్టం వేరు. 1930 ఏప్రిల్లో శారదా చట్టం అమల్లోకి వచ్చి, పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేయడం బ్రిటిష్ ఇండియాలో నేరమైంది. ఆ చట్టం మాత్రం గౌతమి దాటలేదు. ఇంకేం, గోదావరి జిల్లాల పెళ్ళివారు యానాం దారి పట్టారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. చట్టం కళ్ళు గప్పడానికి ఇంత చవకైన విదేశీయాత్ర మరొకటి ఉండదేమో కానీ, గొప్పగా చెప్పుకునే సంగతి మాత్రం కాదు. యానాం 1954లో మన చేతికి వచ్చింది, చట్టరీత్యా విలీనం 1962లో పూర్తయింది. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి పేరుతో వారధి పడ్డాక పంటు కోసం ఎదురుచూసే పనీ పోయింది. ఇప్పుడు అవతలికి వెళ్ళేవాళ్ళలో సగం మంది పెట్రోలు ధర చూసుకుని వెళ్ళేవాళ్ళే.

చవక విదేశీయాత్ర మాట వచ్చింది కాబట్టి, గైడుబుక్కు చేతపట్టుకుని తక్కువ డబ్బుతో దేశాలు తిరిగే పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన దంపతులు టోనీ వీలర్, మౌరీన్. 1972లో లండన్‌లో ఓ పాత మినీ వ్యాన్ కొని యూరప్, టర్కీ, ఇరాన్ మీదుగా అఫ్గానిస్తాన్ చేరారు. కాబూల్‌లో వ్యాన్ అమ్మేసి, అక్కణ్ణించి బస్సులు, రైళ్ళు, దొరికిన వాహనమల్లా ఎక్కి బాలి దాకా వచ్చారు. బాలి నుంచి ఎవరిదో తెరచాప పడవలో ఆస్ట్రేలియా. సిడ్నీలో దిగేసరికి ఇద్దరి దగ్గరా కలిపి మిగిలింది 27 సెంట్లు. ఎలా వచ్చారు, ఎంతయింది అని అడిగినవాళ్ళకల్లా చెప్పీ చెప్పీ విసిగి, 1973లో వంద పేజీలు కూడా లేని పుస్తకం రాశారు. వంటింటి బల్ల మీద కాగితాలు పేర్చి, తమ చేతులతోనే పిన్నులు కొట్టి, 1,500 కాపీలు దుకాణాలకి మోశారు. లోన్లీ ప్లానెట్ పుట్టింది అలాగే. ఆ పేరు కూడా పొరపాటున వచ్చిందే. ఒక పాటలోని ‘లవ్‌లీ ప్లానెట్’ టోనీ చెవికి ‘లోన్లీ’ అని వినపడింది. 2007లో సంస్థలో అధిక వాటాని బీబీసీ కొనుక్కుంది.

చిత్రమేమిటంటే, ఆ పుస్తకం చూపించిన దారి ఆరేళ్ళకే మూతపడింది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. రోడ్లే మూతపడినప్పుడు పుస్తకంలో ధరలు నిలుస్తాయా? ఆర్థర్ ఫ్రోమర్ అనే అమెరికన్ 1957లో ‘రోజుకి 5 డాలర్లతో యూరప్’ అని గైడుబుక్కు వేశాడు. ఏళ్ళు గడిచేకొద్దీ అట్ట మీది అంకె పెరుగుతూ పోయింది. 2007 నాటికి అది 95. ఆ తర్వాత అంకె వేయడమే మానుకున్నారు. అందుకే పాత గైడుబుక్కు దొరికితే నేను హోటల్ రేట్ల పేజీ తిప్పేసి పటాలు, సరిహద్దు దాటే చోట్లు, ఏ నెలలో వాన పడుతుందన్నవి చూస్తాను. వానాకాలాన్ని ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేరు.

ఆగ్నేయాసియాలో సంచి భుజాన వేసుకు తిరిగే కుర్రాళ్ళ దారికి ‘బనానా పాన్‌కేక్ ట్రైల్’ అని ముద్దుపేరు. వాళ్ళు దిగే చవక బసలన్నిటా అరటిపండు అట్టు దొరుకుతుంది కాబట్టి. లారీల కొద్దీ గెలలు ఎగుమతయ్యే రావులపాలెం మార్కెట్ చూసినవాళ్ళకి ఇదేం విశేషం అనిపించవచ్చు. అయితే గైడుబుక్కులో పేరెక్కిన బస మరుసటేడు చవకగా ఉండదన్నది ఆ దారి మొత్తం మీద నిజం.

మనవాళ్ళూ వెనకబడిలేరు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలల పైచిలుకు తిరిగాడు. మజిలీలో సామాన్లు దొరుకుతాయా, నీళ్ళెలా ఉంటాయి, దారి ఎలాంటిది అన్నీ మిత్రుడికి ఉత్తరాల్లో రాశాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్రచరిత్ర’ను గైడుబుక్కుగానూ చదువుకోవచ్చు. చవక ప్రయాణమని మాత్రం అనలేం, వెంట నౌకర్లు, బోయీలు కలిపి వందమంది దాకా ఉన్నారు. సముద్రం దాటడం చూస్తే, 1873లో ఇంగ్లండ్ వెళ్ళి వచ్చి తన యాత్ర రాసుకున్న పోతం జానకమ్మ పేరు తల్చుకోవాలి. మన కాలంలో పరవస్తు లోకేశ్వర్ ‘సిల్కురూట్‌లో సాహసయాత్ర’ రాస్తే, కాలినడక మనిషి మాచవరపు ఆదినారాయణ ‘తెలుగువారి ప్రయాణాలు’ అని ఏకంగా సంకలనమే తెచ్చారు.

రాజోలు, అమలాపురం పల్లెల్లో విదేశాల సంగతులు ఎక్కువ తెలిసినవాళ్ళెవరంటే కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళే. ఇంగ్లీషు గైడుబుక్కుల ఊసు వాళ్ళకి లేదు. తెలుగు లిపిలో అరబ్బీ మాటలు నేర్పే పల్చటి పుస్తకం, వెనకపేజీలో ముందు వెళ్ళిన అక్క ఫోన్ నంబరు, అంతే. వాళ్ళలో చాలామంది పాస్‌పోర్టుల మీద ఈసీఆర్ అని ఉంటుంది. పదో తరగతి పాస్ కానివాళ్ళు 18 దేశాలకి పనికోసం వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని దాని అర్థం. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలే కాదు, థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయి. చూసిరావడానికి వెళ్ళేవాళ్ళకి ఆ అనుమతి అక్కర్లేదు. సరిగ్గా ఈ సందునే కొందరు ఏజెంట్లు వాడుకుంటారు, విజిట్ వీసా మీద పంపి పనిలో పెడతారు. అక్కడ ఏదైనా జరిగితే కాగితాల ప్రకారం ఆమె పనిమనిషి కాదు, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి.

కోనసీమ వాళ్ళు సంచి సర్దుకునేటప్పుడు ముందుగా తీసి పక్కన పెట్టాల్సింది ఏమిటో తెలుసా? ఎండుకొబ్బరి. అందులో నూనె ఎక్కువ, గాలాడని చోట పోగుపడితే తనంతట తానే వేడెక్కి రాజుకునే గుణం ఉంది. అంతర్జాతీయ సరుకు రవాణా జాబితాల్లో దానికి ప్రమాదకర వస్తువుగా ప్రత్యేక సంఖ్యే ఉంది, 1363. విమానంలో చెకిన్ సామానులో ఎండుకొబ్బరి పెట్టకూడదని మన పౌర విమానయాన భద్రతా సంస్థ 2022లో ఆదేశించింది. ఆవకాయది వేరే గొడవ. నూనె తేలే పచ్చడిని ద్రవపదార్థం కింద లెక్కేస్తారు, చేతిసంచిలో సీసా వంద మిల్లీలీటర్లు మించకూడదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బరువు ఉండదు, తనిఖీలోనూ చిక్కు రాదు. కానీ పెట్టె అడుగున పెడితే అవతల దిగేసరికి పొడే మిగులుతుంది.

మొదటిసారి దేశం దాటేవాళ్ళకి నేపాల్, భూటాన్ తేలిక. మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు లేకపోయినా వోటరు కార్డుతో వెళ్ళవచ్చు. భూటాన్‌లో మాత్రం ప్రవేశ అనుమతి తీసుకోవాలి, మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. పిల్లలతో, ముసలివాళ్ళతో కలిసి కుటుంబమంతా బయల్దేరితే ఇంకో తిరకాసుంది. నేపాల్‌ వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు పదిహేనేళ్ళ లోపువాళ్ళకీ, అరవై అయిదు దాటినవాళ్ళకీ మాత్రమే చెల్లుతుంది. తాతకీ మనవడికీ ఆధార్ సరిపోతుంది, మధ్యలో ఉన్న కొడుకూ కోడలే వోటరు కార్డు ఎక్కడ పెట్టారో వెతుక్కోవాలి.