వాయిదా కుదరని వైద్యం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. రైళ్లు ఆగిపోయాయి, ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి ఆదిలాబాద్ నుంచి రావలసిన రోగికి ఆ బస్సు కూడా వైద్యంలో భాగమే. కరోనా సోకకుండానే చాలామంది క్యాన్సర్ రోగులు కరోనా దెబ్బ తిన్నారు.

ఆ నష్టానికి లెక్కలున్నాయి. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 ఆస్పత్రుల వివరాలను 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రిక ప్రచురించింది. 2019 మార్చి నుంచి మే వరకు ఆ ఆస్పత్రుల్లో కొత్తగా పేరు నమోదు చేసుకున్న రోగులు 1,12,270 మంది. మరుసటి ఏడాది అవే నెలల్లో 51,760 మందే. పెద్ద ఆపరేషన్లు 49 శాతం, రేడియేషన్ 23 శాతం తగ్గాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ మొదటి లెక్కే. వైద్యం మధ్యలో ఆగినవాళ్ల ఫోన్ నంబరైనా ఆస్పత్రిలో ఉంటుంది. అసలు రానే రాని ఆ 60 వేల మంది ఎవరని వెతకాలి? రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, నోట్లో పుండు మానకపోయినా ‘కరోనా తగ్గాక చూపించుకుందాంలే’ అని ఊరుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

కొన్నాళ్లు ఆగితే ఏమవుతుందన్నదానికి రేడియేషన్ మంచి ఉదాహరణ. నోటి, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు రేడియేషన్ ఇస్తారు. ప్రతి డోసూ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మర్నాటికల్లా మామూలు కణాలు చాలావరకు కోలుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. కానీ సుమారు నాలుగో వారం నుంచి, చావగా మిగిలిన క్యాన్సర్ కణాలు మునుపటికన్నా వేగంగా విభజన చెందుతాయి. అందుకే ఆగిన డోసుల్ని తర్వాత కలిపి ఇచ్చేస్తే సరిపోదు. ఈ క్యాన్సర్లలో వైద్యం ఒక్కో రోజు సాగినకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1.4 శాతం చొప్పున పడిపోతుందని అంచనా. గుట్కా, పొగాకు వల్ల నోటి క్యాన్సర్ ఇంతగా ఉన్న మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

కీమో ఇచ్చేవాళ్లది ఇంకో సంకటం. మందు ఎక్కించిన వారం, పది రోజులకు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. కరోనా రోజుల్లోనేమో జ్వరమంటే ముందు కోవిడ్ పరీక్ష!

అయినా వైద్యం ఆపనివాళ్లున్నారు. ముంబైలోని టాటా మెమోరియల్‌లో 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 లోపు 494 క్యాన్సర్ ఆపరేషన్లు చేశారు. తర్వాత ఆరుగురికి కోవిడ్ అని తేలింది, ప్రాణాలు మాత్రం ఎవరికీ పోలేదు. అదే ఏప్రిల్‌లో బ్రిటన్ నుంచి ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చే రేడియేషన్‌ను, డోసు సరిచేసి, వారంలో ఐదుసార్లే ఇచ్చినా ఐదేళ్ల తర్వాత చూస్తే ఫలితం తీసిపోలేదు. ఊరు వదిలి వచ్చి గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబానికి, మహమ్మారి లేకపోయినా, రెండు వారాలు మిగలడమంటే మాటలా!

నొప్పితో మంచాన ఉన్నవాళ్లకే ఏ దారీ దొరకలేదు. లాక్‌డౌన్ మొదలైన రోజే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్లోనే రోగిని చూసి మందులు రాయొచ్చంది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి మాత్రం రాయకూడదంది. మార్ఫిన్ ఆ చట్టం కిందిదే. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు వచ్చే నొప్పికి పారాసెటమాల్ చాలదు. పాత రోగికైనా, ముందునుంచీ చూస్తున్న డాక్టరు ఫోన్లో మార్ఫిన్ రాసే వీలుండాలి, అది జిల్లా ఆస్పత్రిలోనే దొరకాలి. ఇంకో మహమ్మారి వచ్చేలోపు మార్చుకోవలసిన వాటిలో నేను ముందుగా అడిగేది ఇదే.