థాయి పండుగలు – యాత్రికుని మర్యాద

పరదేశపు పండుగను చూడబోయే యాత్రికునికి రెండు ఆటంకాలు ఎదురవుతవి. ఆ పండుగ తనకు బొత్తిగా తెలియకపోవడం ఒకటి. అది తనకు ముందే తెలుసుననుకోవడం రెండవది. థాయిలాండుకు వెళ్ళే భారతీయునికి, అందులోనూ తెలుగువానికి, రెండవదే పెద్ద ఆటంకం. అక్కడి సంప్రదాయ సంవత్సరాది పేరు సొంక్రాన్. అది సంక్రాంతి శబ్దమే. నదిలో దీపాలు వదలే పండుగనాడు స్మరించే జలదేవత ఖోంగ్‌ఖా. అది గంగ పేరే. విశాఖపూజ, ఆషాఢపూజ, మాఘపూజ అనే బౌద్ధపర్వాల పేర్లు వినగానే చుట్టరికం కలుపుకోవాలనిపిస్తుంది. చుట్టరికం నిజమే. అయితే చుట్టపింటికి వెళ్ళినవాడు ఆ ఇంటి పద్ధతి తెలుసుకొని మసలుకోవలెను గాని, తన ఇల్లేనని తిన్నగా వంటింటిలోనికి నడవరాదు.

తెలుగువారికి సంక్రాంతి అంటే మకర సంక్రాంతి. అది చలికాలంలో, ధాన్యం ఇంటికి చేరిన వేళ వస్తుంది. సొంక్రాన్ సూర్యుని మేషరాశి ప్రవేశాన్ని అనుసరించి ఏర్పడిన పండుగ. ఇప్పుడు ఏప్రిల్ 13, 14, 15 తేదీలలో జరుగుతుంది. అది మండువేసవి, తొలకరి ఇంకా రాని కాలం. మాట ఒక్కటే అయినా ఋతువు వేరు. అందుచేత ఆచారమూ వేరు. తెలుగు పల్లెలో భోగినాడు మంట వేస్తే, థాయి పల్లెలో సొంక్రాన్ నాడు నీరు పోస్తారు. ప్రభుత్వ సంవత్సరాది 1889లో ఏప్రిల్ 1వ తేదీకి, 1941లో జనవరి 1వ తేదీకి మారినప్పటికీ ప్రజలు ఈ పండుగను విడువలేదు. 2023లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.

ఈ పండుగకు ఒక కథ ఉన్నది. బ్యాంకాకులోని వాట్ ఫో ఆలయంలో అది శిలాఫలకాలకెక్కినది. కపిల మహాబ్రహ్మ ధర్మపాలుడనే కుమారుని ఒక ప్రశ్న అడుగుతాడు: మనుష్యుని శ్రీ ఉదయం ఎక్కడ ఉంటుంది, మధ్యాహ్నం ఎక్కడ, సాయంకాలం ఎక్కడ? ఓడినవాడు తల ఇవ్వవలెనని పందెం. కుమారుడు ఒక తాటిచెట్టు క్రింద పడుకొని, పైనున్న గ్రద్దల సంభాషణ విని సమాధానం గ్రహిస్తాడు. ఉదయం శ్రీ ముఖంలో ఉంటుంది, కనుక ముఖం కడుగుకొంటారు. మధ్యాహ్నం వక్షస్సులో, కనుక అక్కడ పరిమళజలం చల్లుకొంటారు. సాయంకాలం పాదాలలో, కనుక పాదాలు కడుగుకొంటారు. ఓడిన బ్రహ్మ శిరస్సు నేలను తాకితే లోకం దగ్ధమవుతుంది. సముద్రంలో పడితే నీరు ఇంకిపోతుంది. అందుచేత ఆయన ఏడుగురు కుమార్తెలలో ఒకరు ఏటేటా ఆ శిరస్సును పట్టుకొని మేరువుకు ప్రదక్షిణం చేస్తారు. బ్రహ్మ, మేరువు అనే పేర్లు తెలిసినవే. కథ మాత్రం తెలుగు పాఠకునికి పరిచితమైన పురాణకథ కాదు. పేర్లు ప్రయాణించిన చోట కొత్త కథ పుట్టినది.

సొంక్రాన్ నాటి నీటిని మూడు విధాలుగా చూడవలెను. మొదటిది బుద్ధప్రతిమకు చేసే అభిషేకం. దీనికి పరిమళజలాన్ని కొద్దికొద్దిగా పోస్తారే గాని బిందెలతో కుమ్మరించరు. బ్యాంకాకు జాతీయ ప్రదర్శనశాలలో ఉండే ఫ్రా ఫుత్థ సిహింగ్ ప్రతిమను ఈ దినాలలో ఊరేగించి, ప్రజల అభిషేకానికై సనామ్ లువాంగ్ మైదానంలో నిలుపుతారు. రెండవది పెద్దల చేతులపై పోసే నీరు. ఉత్తరదేశపు మాటలో దీనికి ‘దామ్ హువా’ అని పేరు. అక్షరార్థం తల కడగడమే అయినా, మల్లెలు వేసిన నీటిని పోసేది అరచేతులలోనే. పిన్నలు గతంలోని తప్పులకు మన్నింపు కోరుతారు, పెద్దలు ఆశీర్వదిస్తారు. మూడవది వీధిలోని వసంతకేళి. పత్రికలలో కనిపించే చిత్రాలన్నీ ఈ మూడవదానివే గనుక, యాత్రికుడు పండుగ అంతా అదేనని భ్రమించే ప్రమాదమున్నది.

ఆ కేళికి సైతం హద్దులున్నవి. భిక్షువులపై, పసిబిడ్డలపై, వృద్ధులపై నీరు చిమ్మరాదు. ద్విచక్రవాహనంపై వెళ్ళేవాని ముఖాన కొట్టిన నీరు ప్రాణం తీయగలదు. ఈ పండుగ వారంలో అతివేగం, మద్యం కారణంగా రహదారులపై రెండువందల మందికి పైగా మరణించిన సంవత్సరాలు అనేకం. ముఖానికి తెల్లని సుద్దముద్ద పూసే ఆచారాన్ని నెపంగా తీసికొని స్త్రీలను తాకేవారూ లేకపోలేదు. 2018లో అధికారులు స్త్రీల దుస్తులకు హితవు చెప్పగా, ప్రసిద్ధ నటి సిండీ బిషప్ ఎదిరించి, తాకేవారికి బుద్ధి చెప్పవలెనని ఉద్యమించినది. ఎదుటివారి అనుమతి లేని ఆట పండుగ కాదన్న మాట థాయి స్త్రీలే చెప్పినది.

లోయ్ క్రథోంగ్ పండుగ థాయి చాంద్రమానపు పన్నెండవ మాసంలో పూర్ణిమనాడు, సాధారణంగా నవంబరులో వస్తుంది. అరటిబోదె ముక్కపై ఆకుల దొన్నె అమర్చి, పూలు, అగరువత్తి, దీపం ఉంచి నీట వదలుతారు. నదిని వాడుకొన్నందుకు, మలినపరచినందుకు జలమాతను క్షమాపణ వేడుకొంటారు. కార్తికదీపాలు గోదావరిలో వదలే తెలుగువారికి ఆ దృశ్యం కొత్తది కాదు. సుఖోథాయి రాజాస్థానంలో నొప్పమాత్ అనే వనిత దీనిని ఆరంభించినదని ప్రసిద్ధి. అయితే ఆమె పేరిట ఉన్న గ్రంథం బ్యాంకాకు రాజధాని అయిన తరువాతి కాలపు రచన అని థాయి పండితులే తేల్చినారు. నది క్షమను కోరే పండుగ నదికే భారమైన సంగతినీ వారు దాచలేదు. 2023లో బ్యాంకాకు పురపాలక సిబ్బంది నీటిలోనుంచి తీసిన దొన్నెలు 6 లక్షలకు పైబడినవి. దీపం వదలదలచిన యాత్రికుడు నురుగు రబ్బరు దొన్నెను మాని అరటిబోదెను ఎంచుకొనుట మేలు. ఇంటిల్లిపాదికీ ఒకే దొన్నె చాలు.

ఆలయమర్యాదలు భారతీయునికి కొంత సులభం. చెప్పులు విడవడం, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవడం, ప్రతిమవైపు కాళ్ళు చాపకపోవడం అలవాటే. స్త్రీ భిక్షువును తాకరాదన్న నియమం, ఎవరి తలనూ, ముద్దుకైనా, నిమరరాదన్న నియమం మాత్రం గుర్తుంచుకోవలసినవి.

రచయితలకు ప్రత్యేకించి పనికివచ్చే ఆచారం ఒకటున్నది. ఏడాది పొడుగునా ఆలయానికి వచ్చిపోయేవారి పాదాలకంటి అక్కడి ఇసుక బయటికి పోతుంది. ఆ ఋణం తీర్చడానికి సొంక్రాన్ నాడు ప్రజలు ఇసుక మోసుకొని వచ్చి ఆలయప్రాంగణంలో చిన్న చైత్యాలు కడతారు. యాత్రావృత్తాంతం వ్రాసేవాడు సైతం ఆ దేశంనుంచి ఎంతో కొంత తీసుకొనిపోతాడు. “ఇదంతా మనదే” అని వ్రాస్తే తీసుకొన్నదానిని తన సొత్తుగా లెక్క వేసినట్లే. సొంక్రాన్ అన్న మాట భారతదేశంనుంచి వెళ్ళినదని చెప్పి ఊరకుండక, ఆ మాటతో థాయి ప్రజలు ఏమి కట్టుకొన్నారో వారి మాటలలో విని వ్రాస్తే, ఋణం కొంతైనా తీరుతుంది.